హాలోవీన్ ఎవరి పండగ? ఇంట్లో అత్తగారికి ఏం చెప్పను?

డబ్లిన్_కోడలు
పాత థ్రెడ్లన్నీ వెతికాను. గుమ్మడికాయ సూప్ ఎలా కాచాలో తప్ప ఇంకేం దొరకలేదు, అందుకే కొత్తది మొదలుపెడుతున్నా.

సంగతేంటంటే, మా వాడు ఇక్కడ ఫస్ట్ క్లాస్. మిడ్‌టర్మ్ సెలవులకి ముందు శుక్రవారం పిల్లలంతా వేషాలేసుకుని రావాలని స్కూలు నుంచి కాగితం వచ్చింది. వాడికి అస్థిపంజరం డ్రస్సే కావాలట. మూడు నెలలు ఉండి వెళ్దామని నరసరావుపేట నుంచి వచ్చిన మా అత్తగారు ఆ డ్రస్సు చూసి "శుభమా అని పిల్లాడికి ఎముకల గుడ్డలేంటే? దెయ్యాలకి కూడా పండగ చేస్తారా ఈ దేశంలో?" అన్నారు. రెండు రోజులుగా నాతో ముక్తసరి మాటలే. మా ఆయన మధ్యలో దూరి "ఇదంతా అమెరికా చాక్లెట్ కంపెనీల వ్యాపారం అమ్మా, పట్టించుకోకు" అని చేతులు దులుపుకున్నారు. గోడవతల ఎనభై ఏళ్ల ఐరిష్ పెద్దావిడ ఉంటారు. మాటల్లో ఆవిడ దగ్గర అదే ముక్క అన్నాను. నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి "అమెరికాకి ఇచ్చింది మేమేనమ్మా" అని తలుపేసుకున్నారు.

ఎవరి మాట నిజం? ఇంకోటి, అటు అత్తగారికీ ఇటు పిల్లాడికీ ఇద్దరికీ నచ్చేలా ఆ సాయంత్రం ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చా?

బెజవాడ_మిర్చి
అస్థిపంజరానికి పట్టుపంచె కట్టండి. ఇద్దరూ ఖుషీ.

పాతరాతి_పిచ్చి
పక్కింటావిడదే నిజం. నేనుండేది మీత్ కౌంటీలో, నావన్ దగ్గర. ఈ పండగ పుట్టిల్లు మా వైపే అని ఇక్కడి వాళ్లు గట్టిగా చెప్పుకుంటారు కాబట్టి కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నా.

దీని అసలు పేరు సావిన్. ఐరిష్ స్పెల్లింగ్ చూసి "సంహైన్" అని చదివారో, పక్కనున్నవాళ్లు నవ్వు ఆపుకోలేరు (మొదటి ఏడాది నా అనుభవం). ఐరిష్ భాషలో ఇవాళ్టికీ నవంబర్ నెల పేరు అదే. హాలోవీన్ రాత్రిని "ఈహా హౌనా" అంటారు, అంటే సావిన్ రాత్రి.

అత్తగారికి చెప్పాల్సిన ముక్క ఒకటుంది. ఇది మొదట దెయ్యాల పండగ కాదు, పశువులున్న వాళ్ల పండగ. మే 1న వచ్చే బెల్టనె పండగ నాడు గొడ్లని ఎండాకాలం మేతకి కొండల మీదికి తోలేవాళ్లు. నవంబర్ 1 నాటికి దించేసేవాళ్లు. చలికాలమంతా మేపలేమనుకున్నవాటిని అప్పుడే కోసి మాంసం నిలవ చేసుకునేవాళ్లు. కోతలు అయిపోయాయి, అప్పులూ కౌళ్లూ తేల్చుకోవాలి, పాలేరు కొత్త యజమాని దగ్గర కుదరాలి. మనకి ఉగాది నుంచి కొత్త లెక్క ఉన్నట్టు. వాళ్లకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, అందుకే నవంబర్ 1 పండగ అక్టోబర్ 31 సాయంత్రమే వచ్చేస్తుంది.

ఏడాదిలో వెలుగు సగం ముగిసి చీకటి సగం మొదలయ్యే ఆ సందులో దిబ్బల తలుపులు తెరుచుకుంటాయని నమ్మకం. ఈ దిబ్బలు నిజంగానే ఉన్నాయి, పొలాల మధ్య గడ్డి కప్పుకుని. వాటిల్లో ఉండేవాళ్లని "షీ" అంటారు. వాళ్లు చచ్చినవాళ్ల దెయ్యాలు కారు, మరో లోకపు మనుషులు. మంచి చేసినా చెడు చేసినా వాళ్ల ఇష్టం. ఆ రాత్రి బయట తిరిగితే ఎత్తుకుపోతారని భయం, అందుకే గుర్తుపట్టకుండా వేషం.

డబ్లిన్_కోడలు
పాలేరు కుదుర్చుకోవడం, కౌలు లెక్కలు… ఇది మా అత్తగారికి బాగా ఎక్కుతుంది. వాళ్ల నాన్నగారిది పెద్ద వ్యవసాయం.

సందేహాల_రావు
పాతరాతి గారూ, కథ బాగుంది గానీ కొంచెం నెమ్మదిగా. క్రైస్తవానికి ముందున్న ఐరిష్ వాళ్లు తమ పండగ గురించి ఒక్క ముక్క రాసిపెట్టలేదు. మన దగ్గరున్న కథలన్నీ తర్వాతి కాలంలో మఠాల్లో సన్యాసులు రాసినవి. వాటిల్లో సావిన్ అంటే రాజుల దగ్గర విందు, తాగుడు, జాతర, ఇంకా వీరుల మీదికి మరో లోకం నుంచి వచ్చిపడే ఆపదలు. "చచ్చినవాళ్ల ఆత్మలు ఇంటికొచ్చే రోజు" అని ఇప్పుడు ప్రతి వెబ్‌సైట్లో కనిపించేదానికి అంత పాత సాక్ష్యం లేదని చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ ఎప్పుడో చెప్పాడు. ఆత్మలు చర్చి దారిన వచ్చాయి.

పాతరాతి_పిచ్చి
నేనూ ఆత్మలు అనలేదు కదండీ. దెయ్యాలు కారనే రాశాను. పైన మళ్లీ చదవండి.

సందేహాల_రావు
చదివాను. "వాళ్లకి భయపడి వేషం" అన్నారుగా. ఆ వేషాల గురించి దొరికే రాతలన్నీ మహా అయితే నాలుగైదు వందల ఏళ్లవి, అవీ ఎక్కువగా స్కాట్లండ్‌వి. రెండువేల ఏళ్లు అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు.

బెజవాడ_మిర్చి
ఆమె అడిగింది అత్తగారిని ఎలా ఒప్పించాలని. మీరు పీహెచ్‌డీ వైవా పెట్టారు.

గాల్వే_నర్సమ్మ
గాల్వేలో పన్నెండేళ్ల నుంచి నర్సుని. చరిత్ర సంగతి వాళ్లిద్దరూ తేల్చుకుంటారు, మీ రెండో ప్రశ్నకి నేను చెప్తా.

ఇక్కడి పాత ఇళ్లల్లో హాలోవీన్ అంటే ముందు తిండి. బార్మ్‌బ్రాక్ అని ఎండుద్రాక్షల రొట్టె ఉంటుంది. అందులో వస్తువులు దాచి కాలుస్తారు. ముక్కలు కోసి పంచితే ఎవరికి ఏది వస్తే వాళ్లకి ఆ ఏడాది అది జరుగుతుందని. ఉంగరం వస్తే ఏడాదిలో పెళ్లి. నాణెం వస్తే డబ్బు. బఠాణీ గింజ వస్తే ఆ ఏడు పెళ్లి లేనట్టే. గుడ్డపీలిక వస్తే దరిద్రం. పుల్ల వస్తే కాపురంలో గొడవలు. ఇప్పుడు కొట్లో అమ్మేవాటిలో ఉంగరం ఒక్కటే పెడుతున్నారు. మొదటి ఏడాది నైట్ డ్యూటీలో మా వార్డు సిస్టర్ తెచ్చింది, ఎవరూ చెప్పకపోయేసరికి ఉంగరాన్ని కసుక్కున కొరికా. పన్ను ఊడలేదు, అదృష్టం.

మధ్యాహ్నం భోజనానికి కాల్‌కానన్. ఉడికించిన బంగాళాదుంప మెదిపి, కేల్ ఆకో క్యాబేజీయో కలిపి, మధ్యలో గుంట చేసి వెన్న పోస్తారు. పిల్లల పళ్లెంలో కాగితం చుట్టిన నాణేలు దాస్తారు. ఒకప్పుడు ఆ రోజు మాంసం తినని ఇళ్లు ఇక్కడ బోలెడు, పాత క్యాథలిక్ ఉపవాసం కాబట్టి. అత్తగారు శాకాహారులైతే ఇంకేం, పండగ భోజనం మీ ఇంటి కోసమే వండినట్టు ఉంటుంది.

డబ్లిన్_కోడలు
నర్సమ్మ గారూ, మీరు దేవత. శాకాహారులే. కానీ బార్మ్‌బ్రాక్‌లో గుడ్డు ఉంటుందా?

గాల్వే_నర్సమ్మ
ఉంటుంది. నేను ఇంట్లో చేసేది టీ బ్రాక్. రాత్రి చిక్కటి టీ డికాక్షన్ చల్లార్చి, అందులో ఎండుద్రాక్ష, బ్రౌన్ షుగర్ నానబెట్టాలి. పొద్దున సెల్ఫ్ రైజింగ్ పిండి, మిక్స్‌డ్ స్పైస్, ఒక గుడ్డు కలిపి గంట పైనే కాల్చాలి. మా చెల్లి వచ్చినప్పుడు గుడ్డు బదులు పావు కప్పు పెరుగు వేశా. కోసేటప్పుడు కొంచెం రాలింది కానీ రుచికి ఢోకా లేదు. ఉంగరాన్ని బేకింగ్ కాగితంలో చుట్టండి, బంగారంది మాత్రం పెట్టకండి.

జాజిరి_99
హాలోవీన్ రాత్రి పోరగాళ్లు వేషాలేసుకొని ఇంటింటికి పోయి చాక్లెట్లు అడుగుతరు గదా, నాకైతే ఇది మన జాజిరి లెక్కనే అనిపిస్తున్నది. మా దిక్కు హోళీకి ముందు పోరగాళ్లం కోలలు పట్టుకొని ఇంటింటికి పోయి పాడేది. బియ్యమో పైసలో పెట్టేదాక గడప ఇడిసిపెట్టకపోయేది. ఇయ్యకపోతే ఆ ఇంటోళ్ల మీద పాట కట్టి మరీ పాడేది. మేం ఇంగ్లిష్‌ల అనలేదు, గంతే.

పాత_గుంటూరు
మా వైపు దసరాకి ఇదే. బళ్లో పంతులుగారు పిల్లల్ని వెంటేసుకుని, చేతుల్లో రంగుకాగితాల విల్లంబులతో ఇంటింటికీ తిప్పేవారు. "ఏదయా మీ దయ మా మీద లేదు, ఇంతసేపుంచుట ఇది మీకు తగదు" అని మొదలెట్టి "అయ్యవారికి చాలు ఐదు వరహాలు, పిల్లవాళ్లకు చాలు పప్పు బెల్లాలు" దాకా. రేపు రా, మాపు రా అంటే ఒప్పుకోమని ముందే పాటలో హెచ్చరిక ఉంటుంది. మా తాతగారు వరండాలో కూర్చుని రెండో పాట కూడా పాడితేనే ఇస్తాననేవారు.

ఎడిన్‌బరా_చలి
@పాత_గుంటూరు, మీ తాతగారు స్కాట్లండ్‌లో పుట్టాల్సినవారు. ఇక్కడ దీన్ని గైజింగ్ అంటారు. వేషం వేసుకొచ్చి చెయ్యి చాపితే చాక్లెట్ రాదు. పాటో, పద్యమో, కనీసం ఒక జోకో చెప్పాలి. మా పాప మొదటి ఏడాది "చిట్టి చిలకమ్మా" పాడింది. తలుపు తీసిన పెద్దాయన అర్థం కాకపోయినా రెండు సార్లు పాడించుకుని గుప్పెడు ఇచ్చాడు.

ఇక్కడి కవి రాబర్ట్ బర్న్స్ 1785లో హాలోవీన్ మీద రాసిన పెద్ద పద్యం ఉంది. అందులో ఉన్నదంతా పెళ్లి జోస్యాలే. రెండు గింజలకి అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ పెట్టి నిప్పుల్లో వేస్తారు. రెండూ కలిసి నిమ్మళంగా కాలితే కాపురం బాగుంటుంది, ఒకటి టప్పుమని ఎగిరిపడితే లేదు. చీకట్లో తోటలోకి వెళ్లి కేల్ మొక్క పీకుతారు, కాడ వంకరగా వస్తే మొగుడు వంకర. వేరుకి మట్టి బాగా అంటుకుని వస్తే కట్నం ఎక్కువ.

బెజవాడ_మిర్చి
మట్టి ఎక్కువుంటే కట్నం ఎక్కువ. అమరావతి రైతులు గమనించగలరు.

సందేహాల_రావు
జాజిరి, దసరా పాట, గైజింగ్ అన్నీ ఒకటే అనేయడం నాకు నచ్చదు. పిల్లలు గుంపుగా ఇంటింటికీ వెళ్లి తిండి అడగడం పల్లెలున్న ప్రతిచోటా పుట్టే అలవాటు. చుట్టరికం కలపాల్సిన పని లేదు.

జాజిరి_99
చుట్టరికం ఎవరు కలిపిండ్రన్నా. అనిపించింది చెప్పిన. నువ్వు చిన్నప్పుడు జాజిరి ఆడలేదని తెలుస్తున్నది.

సందేహాల_రావు
ఆడలేదు. మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. ఒప్పుకుంటున్నా.

న్యూజెర్సీ_నాన్న
అమెరికా తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటా. 1845 నుంచి బంగాళాదుంప పంట కుళ్లిపోయి ఐర్లాండ్‌లో వచ్చిన కరువులో సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. వాళ్లలో ఎక్కువమంది దిగింది ఇక్కడే. పండగని మూటలో పెట్టుకుని తెచ్చుకున్నారు. వాళ్లూళ్లో టర్నిప్ దుంపకి మొహం చెక్కి లోపల దీపం పెట్టేవాళ్లు, దాని బదులు ఇక్కడి గుమ్మడికాయ దొరికింది. పెద్దది, మెత్తది, లోపల సగం ఖాళీ. ఎవరైనా దాన్నే ఎంచుకుంటారు.

తర్వాత ఇది తగాదాల పండగ అయింది. కుర్రాళ్లు గేట్లు పీకేయడం, బళ్లు ఎత్తుకెళ్లి ఇంటి కప్పు మీద పెట్టడం. ఆ అల్లరి ఆపడానికే మిన్నెసోటాలో అనోకా అనే ఊరు 1920లో పెద్ద ఊరేగింపు పెట్టింది. "ట్రిక్ ఆర్ ట్రీట్" (ఏమైనా పెడతారా, అల్లరి చెయ్యమంటారా) అన్న మాటని పేపర్లో వేసిన తొలివాళ్లలో కెనడా వాళ్లున్నారు, 1927లో అల్బర్టాలోని బ్లాకీ అనే చిన్న ఊరి వార్త. అంటే ఐర్లాండ్ బియ్యం, కెనడా ఎసరు, అమెరికా వడ్డన. డబ్లిన్ బావగారికి సగం మార్కులు వెయ్యండి.

మా సంగతి చెప్పాలంటే 2024లో దీపావళీ హాలోవీనూ రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. పూజ ముగించుకుని పిల్లలు లంగా ఓణీల్లో, పట్టు పంచెల్లో బయల్దేరారు. ప్రతి గుమ్మంలో "మీరు ఏం వేషం?" అని అడిగారు. మా పెద్దది చిరాకేసి చివరికి "తెలుగువాళ్ల వేషం" అంది.

డబ్లిన్_కోడలు
:) ఆయనకి చూపించాను. సగం మార్కులు ఎక్కువేనట, ముప్పావు కావాలట.

మంట గురించి చెప్పండి పాతరాతి గారూ. మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో కుర్రాళ్లు పాత ప్యాలెట్లు పోగేస్తున్నారు. కౌన్సిల్ లారీ వచ్చి ఎత్తుకుపోయింది. మళ్లీ పోగేశారు. భోగి మంటలాంటిదా అని అత్తగారు కిటికీలోంచి ఒకటే చూస్తున్నారు.

పాతరాతి_పిచ్చి
ప్రతి ఏడూ కౌన్సిల్‌కీ కుర్రాళ్లకీ అదే దాగుడుమూతలు. అనుమతి లేని మంట నేరం ఇక్కడ. టపాసులు కూడా మామూలు జనం కాల్చకూడదు, అయినా సెప్టెంబర్ నుంచే ఢాం ఢాం వింటుంటాం. పిల్లాణ్ని ఆ మంట దగ్గరికి తీసుకెళ్లకండి, ప్లాస్టిక్, టైర్లు అన్నీ పడేస్తారు.

మంట చూడాలంటే మా వైపు రండి. అథ్‌బాయ్ ఊరి పక్కన ట్లక్తా అనే కొండ ఉంది, మ్యాపులో హిల్ ఆఫ్ వార్డ్ అని ఉంటుంది. కొండ అంటే మన కొండ కాదు, పెద్ద దిబ్బ. పైన గుండ్రంగా కందకాలూ కట్టలూ. సావిన్ రాత్రి దేశంలో పొయ్యిలన్నీ ఆర్పేసి, ఇక్కడ వెలిగించిన మంట నుంచే మళ్లీ నిప్పు పట్టుకెళ్లేవాళ్లని చెబుతారు. ఇప్పటికీ అక్టోబర్ 31 సాయంత్రం జనం దివిటీలు పట్టుకుని ఊళ్లోంచి కొండ దాకా నడుస్తారు. పోయినేడాది నేనూ మా అబ్బాయీ వెళ్లాం. బురదలో వాడి బూటు ఒకటి పోయింది. దూరంగా పాత ఐరిష్ రాజుల తారా కొండ చీకట్లో ఉంటుంది, వెనక్కి తిరిగితే దివిటీల వరస. నాకు మా ఊళ్లో దీపావళికి గోగుపుల్లలకి నూనెగుడ్డ చుట్టి దివిటీలు కొట్టడం గుర్తొచ్చింది. "దిబ్బు దిబ్బు దీపావళి" అని గట్టిగా అందామనుకున్నా, పక్కన డ్రమ్ములు మోగుతుంటే ఊరుకున్నా.

సందేహాల_రావు
ఆ పొయ్యిల సంగతి రాసింది 17వ శతాబ్దపు ఐరిష్ చరిత్రకారుడు జెఫ్రీ కీటింగ్. అప్పటికి ఆ అలవాటు ఉండి ఉంటే కళ్లారా చూసి రాసేవాడు, కానీ ఎప్పటిదో పాత రాజుల నాటి మాటగా చెప్పాడు. తారా కొండ మీద సావిన్ సూర్యోదయం లోపలికి పడే దిబ్బ ఉంది చూడండి అని కూడా అంటారు. ఆ దిబ్బ కట్టి అయిదు వేల ఏళ్లు. అప్పటికి ఐర్లాండ్‌లో కెల్టిక్ భాష (ఇప్పటి ఐరిష్ ఆ కుటుంబానిదే) మాట్లాడేవాడే లేడు.

పాతరాతి_పిచ్చి
అదే కదా నాకు నచ్చేది! ఎవరో కట్టారు, ఎండ పడే రోజు చూసుకుని కట్టారు. తర్వాత వచ్చినవాళ్లు ఆ రోజుని వాడుకున్నారు. మన ఊళ్లో బౌద్ధ స్తూపం మీద దిబ్బ పేరుకుపోతే అక్కడే పోలేరమ్మని పెట్టుకోలేదా?

1897లో ఫ్రాన్స్‌లో కొలిన్యీ దగ్గర కంచు పలక ముక్కలు దొరికాయి, అప్పట్లో గాల్ అనే ఆ దేశంలో ఉన్న కెల్టుల పంచాంగం. అందులో "సమొనియోస్" అని నెల పేరు ఉంది. పేరు చూస్తే సావిన్‌కి దగ్గర.

సందేహాల_రావు
పేరు దగ్గరే. కానీ "సమ" అంటే ఆ భాషల్లో ఎండాకాలం, అందుకే అది ఏ ఋతువులో పడుతుందో పండితులు ఇంకా కొట్టుకుంటున్నారు. స్తూపం పోలిక మాత్రం బాగుంది, అది నేను వాడుకుంటా.

బెజవాడ_మిర్చి
రావుగారు ఒకటి ఒప్పుకున్నారు. థ్రెడ్ పిన్ చెయ్యండి అడ్మిన్.

పాత_గుంటూరు
చర్చి సంగతి వచ్చింది కాబట్టి చెప్తా, మేం క్యాథలిక్కులం. సర్వ పునీతుల పండగ మొదట రోమ్‌లో మే 13న ఉండేది. 8వ శతాబ్దంలో మూడో గ్రెగరీ పోపు పునీతుల కోసం ఒక చాపెల్ కట్టించాడు, 835లో నాలుగో గ్రెగరీ కాలంలో నవంబర్ 1 అని స్థిరపడింది. ఆ పండగ ముందు సాయంత్రమే "హాలోస్ ఈవ్", అదే నలిగి నలిగి హాలోవీన్. తర్వాత ఫ్రాన్స్‌లో క్లూనీ మఠాధిపతి ఒడిలో అనే ఆయన నవంబర్ 2ని చనిపోయిన అందరి కోసం పెట్టాడు.

మా గుంటూరు జిల్లాలో నవంబర్ 2ని సమాధుల పండగ అంటాం. ముందు రోజే వెళ్లి గడ్డి పీకి, సమాధికి సున్నం వేస్తాం. సాయంత్రం బంతిపూలు, కొవ్వొత్తులు. ఫాదర్ గారు వరసగా దీవిస్తూ వస్తారు. మా నాయనమ్మ సమాధి దగ్గర మా పెదనాన్న ప్రతి ఏడాదీ ఆవిడకిష్టమని కాఫీ ఫ్లాస్కు తెచ్చి పక్కన పెట్టుకుని తాగుతాడు. భయం అన్న మాటే ఉండదు, పిల్లలు సమాధుల మధ్య పరిగెడుతుంటారు. అత్తగారిది పేట కదా, వాళ్ల ఊరి పక్కనే చూసుంటారు, గుర్తు చెయ్యండి.

డబ్లిన్_కోడలు
చూశారట! "మా చిన్నప్పుడు ఆ రోజు దూరం నుంచి చూస్తే శ్మశానమంతా నక్షత్రాలు పడ్డట్టు ఉండేది" అన్నారు. మూడు రోజుల తర్వాత నాతో అన్న పెద్ద వాక్యం ఇదే. "మనకి మహాలయ అమావాస్య ఉంది, వాళ్లకిది" అని తనే అనేసుకున్నారు. రావుగారూ, దయచేసి ఆవిడకి మీ సాక్ష్యాలు పంపకండి.

సందేహాల_రావు
పంపను. చర్చి పండగ వరకూ ఆవిడ మాట సరైనదే పైగా.

ఒక్కటి మాత్రం. కెల్టుల తేదీని చర్చి ఎత్తుకుపోయిందంటారు. ఐరిష్ చర్చి తొలిరోజుల్లో పునీతుల పండగ ఏప్రిల్ 20న చేసేది. సావిన్‌ని మింగెయ్యాలనుకునేవాళ్లు ఏప్రిల్‌లో ఎందుకు పెట్టుకుంటారు? ఇక రాయను.

బెజవాడ_మిర్చి
"ఇక రాయను" స్క్రీన్‌షాట్ తీశా.

ఎడిన్‌బరా_చలి
టర్నిప్ ఎవరైనా చెక్కారా? గుమ్మడికాయ అందరూ చేస్తారు. ఐర్లాండ్‌లో మేయో కౌంటీ కాజిల్‌బార్ దగ్గర టర్లో పార్క్‌లో నేషనల్ మ్యూజియం ఉంది. అక్కడ డోనెగాల్ నుంచి వచ్చిన పాత టర్నిప్ లాంతరు ముఖానికి పోత పోసిన నకలు పెట్టారు. చూస్తే రాత్రి నిద్ర పట్టదు, నోట్లో పళ్లు, ఎండిపోయిన ముసలి మొహం. గుమ్మడికాయ దాని ముందు పసిబిడ్డ.

డబ్లిన్_కోడలు
మేం మొదలెట్టాం. కొట్లో టర్నిప్ అంటే పసుపు కండ ఉండే పెద్దది ఇచ్చారు. రాయి. నలభై నిమిషాలు చెంచాతో గీకితే గుప్పెడు వచ్చింది. మా ఆయన డ్రిల్లింగ్ మిషన్ తెచ్చారు. అత్తగారు "ఇంత కష్టపడి పులుసులోకి కాకుండా దీపానికా" అంటూనే మొహానికి కళ్లెక్కడ పెట్టాలో చెబుతున్నారు. జాక్ కథ మా వాడికి చెప్పాను, సైతానుని మోసం చేసి అటు స్వర్గానికీ ఇటు నరకానికీ కాకుండా టర్నిప్‌లో నిప్పుకణిక పెట్టుకుని తిరిగేవాడని. "త్రిశంకుడు" అన్నారు ఆవిడ వెంటనే. గుమ్మంలో పెట్టేదని తెలిసి "దిష్టికి బూడిద గుమ్మడికాయ కడతాం, అంతే కదా" అని తేల్చేశారు.

జాజిరి_99
రావన్నా, చూడు, చుట్టరికం ఆమెనే కలిపేసింది.

గాల్వే_నర్సమ్మ
టీ లైటు పెట్టండి, పైమూతకి చిన్న కన్నం చెయ్యండి, లేకపోతే మాడిన టర్నిప్ వాసన వారం పోదు. ఇంకోటి, గడియారం వెనక్కి తిప్పేశారు కాబట్టి అయిదింటికే చీకటి. చిన్న పిల్లలు అయిదున్నరకే వచ్చేస్తారు. చాక్లెట్లతో పాటు తొక్కతీయని వేరుశెనక్కాయలూ కమలాలూ గిన్నెలో పెట్టండి, ఇక్కడి పాత పద్ధతి. పిల్లలు మొహం చిట్లిస్తారు గానీ మీ పక్కింటి ముసలావిడ మెచ్చుకుంటుంది. వేరుశెనగ పడని పిల్లలుంటారు, విడిగా ఉంచండి.

డబ్లిన్_కోడలు
నవంబర్ 1, పొద్దున్నే రాస్తున్నా. ఇల్లంతా మాడిన టర్నిప్ వాసన. కన్నం సరిపోలేదు.

అయిదూ ఇరవైకి మొదటి బెల్లు. మొత్తం నలభై ఏడు మంది పిల్లలు, అత్తగారు లెక్కపెట్టారు. తొలి గుంపుకి నేనే పెట్టాను. రెండో గుంపు నుంచి గిన్నె ఆవిడ చేతిలోకి వెళ్లిపోయింది, ఎలా వెళ్లిందో నాకు తెలీదు. ఒక మంత్రగత్తెకి రెండు సార్లు పెట్టి "బక్కగా ఉంది పాపం" అన్నారు. పెద్ద కుర్రాళ్లు వేషం లేకుండా వస్తే, ఎడిన్‌బరా గారి మాట మా ఆయన చెప్పి ఉంచారు కాబట్టి, "పాడండి" అని తెలుగులో అన్నారు. వాళ్లకి అర్థమైంది! ఏదో ఫుట్‌బాల్ పాట పాడి వేరుశెనక్కాయలు పట్టుకెళ్లారు.

పక్కింటి పెద్దావిడని పిలిచాం. కాల్‌కానన్‌లో అత్తగారు ఆవాలూ ఎండుమిర్చీ తాలింపు పెట్టారు, నేను ఆపలేకపోయాను. పక్కింటావిడ రెండో సారి వడ్డించుకుంది. వాళ్ల చిన్నప్పుడు దారానికి ఆపిల్ కట్టి వేలాడదీసి, చేతులు వెనక్కి కట్టుకుని కొరికేవాళ్లట. మా వాడు అది ఆడాలన్నాడు. అస్థిపంజరం నోటి నిండా ఆపిల్.

తర్వాత బ్రాక్ కోశాం, పెరుగుతో చేసింది, నిజంగానే రాలింది. ఉంగరం ఎవరికి వచ్చిందో చెప్పుకోండి.

బెజవాడ_మిర్చి
అస్థిపంజరానికి?

న్యూజెర్సీ_నాన్న
బావగారికి వస్తే మీ పని అయిపోయిందే!

డబ్లిన్_కోడలు
అత్తగారికి. అరవై ఎనిమిదేళ్ల వయసులో. అర్థం ఏంటో పక్కింటావిడ చెప్పగానే అత్తగారు సిగ్గుపడటం ఈ పదేళ్లలో మొదటిసారి చూశాను. రాత్రే పేటకి వీడియో కాల్ చేసి మామగారికి చూపించారు. అక్కడ తెల్లవారుజాము నాలుగు. ఆయన కళ్లజోడు వెతుక్కుని, చాలాసేపు చూసి, "వరుణ్ణి చూశారా?" అని అడిగారు.

పాతరాతి_పిచ్చి
వచ్చే ఏడాది అథ్‌బాయ్ తీసుకురండి ఆవిడని. బూట్లు గట్టివి వేయించండి.

జాజిరి_99
గా చెక్కిన టర్నిప్ లోపలి గుజ్జు ఏం జేసిన్రు?

డబ్లిన్_కోడలు
ఇవాళ సాంబార్లో వేశాం. బాలేదు.